లాకులు తెరవండి, మా అమ్మ పడవెక్కాలి

గోదావరి డెల్టా కాలవల మీద, రేవుల మీద, పడవల మీద నిర్ణయాలు తీసుకునే పెద్దలందరికీ నమస్కారం.

నేను నరసాపురం దగ్గర పల్లెలో పుట్టినవాణ్ణి. రాజమండ్రిలో బడిపంతులుగా పనిచేస్తున్నాను. పోయిన కార్తీకంలో మా కుటుంబం ఏడుగురం, అమ్మ, అక్కాబావలు, నేనూ నా భార్యా, మా ఇద్దరు పిల్లలు, నాలుగు రోజులు నీళ్ల మీద గడుపుదామని బయల్దేరాం. ఏ హడావుడీ లేకుండా, పడవ ఎంత మెల్లగా పోతే అంత మెల్లగా, రేవు కనపడితే ఆగుతూ, పొద్దుగూకితే ఏదో ఒక ఊరి దగ్గర కట్టేసుకుని పడుకుంటూ పోదామని మా కోరిక. ఆ నాలుగు రోజుల్లో మేం నిజంగా ప్రయాణం చేసింది ఒక్కరోజే. మిగతా రోజులు ఎందుకు అలా అయ్యాయో, ఏం చేస్తే బాగుపడతాయో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు అమ్మ సంగతి చెప్పాలి. ఈ ప్రయాణం ఆమె కోసమే పెట్టుకున్నది. అమ్మ పుట్టిల్లు మార్టేరు వైపు, మెట్టినిల్లు నరసాపురం వైపు. 1970లో అక్క కడుపులో ఉండగా, ఏడో నెలలో, పురిటికి పుట్టింటికి తీసుకెళ్లారు. ఎడ్లబండి కుదుపు పనికిరాదని, బస్సు అసలే వద్దని మా నాయనమ్మ పట్టుబట్టి గూటిపడవ మాట్లాడించిందట. దీపాలు పెట్టే వేళకు నరసాపురం దగ్గర ఎక్కితే, తెల్లవారేసరికి మార్టేరు. ఎదురు నీరు కాబట్టి గట్టు మీద ఇద్దరు మనుషులు మోకు భుజాన వేసుకుని లాగేవారట. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారట. కాలవ పల్లం దిగే చోట పడవని ఎక్కించి దించే తలుపుల తొట్టినే లాకు అంటారు. లాకు దగ్గరకొచ్చేసరికి పడవ నడిపే సరంగు కేకవేస్తే, లాకు మనిషి లాంతరు పట్టుకుని వచ్చేవాడట. పడవ తొట్టిలోకి పోయాక వెనక తలుపులు మూసి, పైనుంచి నీళ్లు వదిలేవారు. "నేను పడుకునే ఉన్నాను. పడవ నన్ను రెండు చేతులతో పైకెత్తినట్టు లేచింది. కడుపులో మీ అక్క కదిలింది" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఈ కథ మేం నూరుసార్లు విన్నాం. మా పిల్లలు కూడా విన్నారు. వాళ్లకి లాకు అంటే తాళం అని మాత్రమే తెలుసు.

మొదటి రోజు గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఒక హౌస్‌బోటు ఎక్కాం. గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదగా ఉన్నారు. కానీ ఆ బోటు గంటన్నర సేపు ఏటిలో ఒక చుట్టు తిప్పి, మళ్లీ ఎక్కిన రేవులోనే కట్టేశారు. మర్నాడు పొద్దున టిఫిన్ అయ్యాక ఇంకో అరగంట. అంతే. రాత్రి కదలకపోవడం సబబే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పగలు కూడా కదలని పడవకి పడవ అని పేరెందుకు? జనరేటరు మోత తెల్లవార్లూ ఆగలేదు. పక్క బోటులో మైకు పెట్టి పాటలు వేశారు. అమ్మ రాత్రంతా కూర్చునే ఉంది. "ఇది ఎక్కడికి పోతుందిరా?" అని రెండుసార్లు అడిగింది. ఎక్కడికీ పోదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రెండో రోజు ఒక జాలరి కుటుంబాన్ని అడిగాం. పెద్ద నాటుపడవ, చిన్న ఇంజను, పైన టార్పాలిన్ నీడ. ఏడుగురికీ లైఫ్ జాకెట్లు ఉంటేనే ఎక్కుతామంటే "ఆయ్, అలాగేనండి, పట్టుకొస్తాను" అని ఒక గంట ఆలస్యమైనా తెచ్చాడాయన. ఇంకా పోటు నడుస్తోంది, అంటే సముద్రపు నీరు ఏటిలోకి ఎక్కుతోంది, పాటు మొదలై నీరు వెనక్కి తిరిగాక బయల్దేరితే ఇంజను అక్కర్లేకుండా నీరే తీసుకుపోతుందని చెప్పాడు. అలా రేవులో కూర్చుని నీరు తిరగడం కోసం ఎదురుచూడటమే పిల్లలకి మొదటి పాఠం అయింది. ఒడ్డున గడ్డిపోచ ఎటు వంగుతోందో చూసి "తిరిగింది, తిరిగింది" అని వాళ్లే అరిచారు.

ఆ రోజు గురించి ఎంత రాసినా తక్కువే. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య ఏరు దాటించే పంటు మోటారు సైకిళ్లనీ, కొబ్బరి బస్తాలనీ, బడిపిల్లల్నీ మోసుకుని మా ముందునుంచి అడ్డంగా పోయింది. మా పడవాయన ఇంజను ఆపి దానికి దారిచ్చాడు. నీటికాకులు వలకర్రల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం ఇసుక మేట పక్కన నీడ చూసుకుని ఆగి, మేం తెచ్చుకున్న పులిహోర, దద్దోజనం, ఊరమిరపకాయలు విప్పాం. పడవాయన ఇంటావిడ కిరసనాయిలు పొయ్యి మీద చిన్న చేపలు ఇగురు పెట్టింది. అమ్మ శాకాహారి. అయినా ఆ వాసనకి మొహం తిప్పుకోకుండా, చింతపండు ఇంకాస్త పడాలని ఆవిడకి చెప్పింది. సముద్రం దగ్గరపడేకొద్దీ కొబ్బరిచెట్లు పలచబడి మడచెట్లు మొదలయ్యాయి. సాయంత్రానికి అంతర్వేది. ఏరూ సముద్రమూ కలిసే చోట, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, రెండు రంగుల నీళ్లు చూసి పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. కార్తీకం కదా, రేవులో ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు. అమ్మ కూడా ఒకటి వదిలింది.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ఆ రోజంతా, ఆగిన ఏ రేవులోనూ ఆడవాళ్లు వాడుకోదగ్గ మరుగుదొడ్డి మాకు దొరకలేదు. అమ్మ పొద్దున్నించీ మంచినీళ్లు తాగడం మానేసింది. మా అక్కా, నా భార్యా అదే చేశారు. నాకది సాయంత్రం దాకా తెలియలేదు. పర్యాటకం పేరు మీద వేల మాటలు చెప్పుకుంటాం, ఒక ముసలమ్మ ఏటి మీద ప్రయాణం చేస్తూ దాహం ఆపుకోవాల్సి రావడం కంటే సిగ్గు మనకింకేముంటుంది?

మూడో రోజు అమ్మ అడిగింది: "లాకులు చూపించరా." ఆ ఊరి పేరు రాయను, ఇది ఏ ఒక్క ఊరి సంగతీ కాదు. కారులో వెళ్లాం. తొట్టి ఉంది. రాతికట్టడం చెక్కుచెదరలేదు. తలుపులు మాత్రం లేవు, ఒక పక్క తుప్పుపట్టిన చట్రం మిగిలింది. తొట్టి నిండా గుర్రపుడెక్క, దాని మీద ప్లాస్టిక్ కవర్లు, విందు భోజనాల తాలూకు విస్తళ్లు. పక్కనున్న గేట్ల గుండా కాలవ నీరు పొలాలకి పోతూనే ఉంది. అమ్మ రాతిగట్టు మీద కూర్చుని, పిల్లలకి చేతులతో చూపించింది, ఇటు తలుపులు మూస్తారు, అటునుంచి నీళ్లొస్తాయి, పడవ ఇలా లేస్తుంది అని. మా చిన్నది అడిగింది: "మరి ఎందుకు మూసేశారు నాయనమ్మా?" అమ్మ నా వంక చూసింది.

నేను బదులు చెప్పలేదు. ఇంటికొచ్చాక చదివాను, పెద్దల్ని అడిగాను. తెలిసినంతలో ఇదీ సంగతి.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు తవ్విన ప్రధాన కాలవలు పొలాలు తడపడానికీ, పడవలు నడపడానికీ కలిపి వేసినవి. ఆ పెద్దమనిషి రైళ్ల కంటే జలమార్గాలే ఈ దేశానికి చవక అని జీవితాంతం వాదించాడు. అందుకే కాలవ పల్లం దిగే చోటల్లా నీటిని ఆపే గేట్లతోపాటు, పడవ ఎక్కిదిగడానికి లాకు కూడా కట్టారు. ధాన్యం, కొబ్బరి, బెల్లం, సున్నం, పెళ్లివారు, పురిటివారు అందరూ ఆ నీటి మీదే తిరిగారు. కాకినాడ కాలవ, ఏలూరు కాలవ, అక్కణ్ణుంచి కృష్ణా కాలవలు, బకింగ్‌హామ్ కాలవ కలిసి చెన్నపట్నం దాకా ఒకే నీటిదారి. తర్వాత రోడ్లు, బస్సులు, లారీలు వచ్చాయి. పడవ బేరం తగ్గింది. పడవలు పోని లాకుకి తలుపులు ఎందుకని ఊరుకున్నారు. వంతెనలు తిరిగి కట్టినప్పుడు పడవ ఎత్తు చూసుకోవాలన్న మాట ఎవరికీ గుర్తులేదు. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. పట్టించుకునేవాళ్లు లేకపోవడమే జరిగింది.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలవల్నీ, గోదావరి కృష్ణల్లో కొంత భాగాన్నీ కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. సరుకు రవాణా కోసం వేసుకున్న పెద్ద ప్రణాళిక అది. వందల వంతెనలు ఎత్తు పెంచి, కాలవలు వెడల్పు చేసి, పెద్ద బార్జీలు తిప్పాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీకే బాగా తెలుసు. నేనడిగేది అంత పెద్దది కాదు. ఒక కుటుంబం పట్టే పడవకి అంత లోతు అక్కర్లేదు, అంత ఎత్తు అక్కర్లేదు.

ఒక్క ముక్క చాలు. ఇరవై, పాతిక కిలోమీటర్ల కాలవ, రెండో మూడో లాకులు. పశ్చిమ డెల్టాలో అయితే మార్టేరు, పాలకొల్లు, నరసాపురం వరస. మధ్య డెల్టాలో అయితే బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల దాకా, అక్కడ కాలవ చీలే చోటు నుంచి కిందికి. తూర్పున అయితే ధవళేశ్వరం నుంచి కడియం నర్సరీల పక్కగా. ఎక్కడ తక్కువ ఖర్చవుతుందో మీ ఇంజనీర్లు చెబుతారు. కాటన్ కాలం నాటి తొట్లలో రాయి గట్టిగా ఉన్నచోట కొత్త తలుపులు పెట్టండి. లాకు దగ్గర ఒక మనిషిని పెట్టండి. మా ఊళ్లలో కాలవలు, లాకులు చూసుకునే లస్కర్ల కుటుంబాలు ఇంకా ఉన్నాయి, వాళ్ల తాతలు చేసిన పనే అది.

ఇది గాలిలో మేడ కాదు. ఫ్రాన్సు దక్షిణాన కెనాల్ దు మిది అని 240 కిలోమీటర్ల కాలవ ఉంది. 1681లో సరుకుల కోసం తెరిచారు. రైలు వచ్చాక దాని బేరమూ పోయింది. ఇవాళ అక్కడ కుటుంబాలు చిన్న పడవ అద్దెకు తీసుకుని, నడక కంటే కాస్త వేగంగా వారం రోజులు సాగిపోతారు. లాకు దగ్గర ఆగి, ఊళ్లో రొట్టె కొనుక్కుని, చెట్టు నీడన కట్టేసుకుని పడుకుంటారు. ఇంగ్లండులో పూడిపోయిన కాలవల్ని బాగుచేయడానికి మామూలు జనమే సంఘాలు కట్టి, సెలవు రోజుల్లో బురదలో దిగి పనిచేశారు. కేరళలో ధాన్యం మోసిన కెట్టువళ్లాలే హౌస్‌బోట్లయ్యాయి. మన గూటిపడవ వాటికేం తీసిపోదు. కాకపోతే కేరళ నుంచి మంచితోపాటు చెడు కూడా నేర్చుకోవాలి. లెక్కకు మించి బోట్లు దింపితే వేంబనాడు సరస్సు నీళ్లకేమైందో అక్కడివాళ్లే చెబుతున్నారు.

రైతుల భయం నాకు తెలుసు, మాదీ దాళ్వా, అంటే రెండో పంట వరి, పండే పొలమే. పడవ నీళ్లు తాగదు. లాకు ఒకసారి తిప్పితే తొట్టెడు నీళ్లు కిందికి దిగుతాయి, అవి ఎటూ దిగువ కాలవకే పోతాయి. ఏటా వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పడవలు ఒడ్డెక్కుతాయి, వాటి మరమ్మతులూ అప్పుడే. గట్టు కోసుకుపోతుందన్న భయం మాత్రం న్యాయమైనది. అందుకే వేగానికి హద్దు పెట్టాలి, గంటకి ఆరేడు కిలోమీటర్లు మించకూడదు. బ్యాటరీ మోటారు అయితే పొగ లేదు, మోత లేదు, నీటిలో నూనె పడదు. ఇంకొకటి అన్నిటికన్నా ముఖ్యం. ఆ కాలవ నీళ్లే మా ఊళ్ల మంచినీటి చెరువులు నింపుకుంటాయి. పడవ మరుగుదొడ్డి నీరు చుక్క కూడా కాలవలో పడకూడదు. ట్యాంకులో నిలవచేసి రేవులో తీయించాలి. ఈ నియమం పాటించని పడవని మొదటి తప్పుకే ఆపేయండి. మైకులు, మందు పార్టీలు కూడా వద్దు. గట్టు మీద ఇళ్లున్నాయి, రాత్రి తొమ్మిదికి పడుకునే జనం ఉన్నారు.

ప్రాణాల మాట మర్చిపోలేదు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర గోదావరి పాయ గౌతమిలో పడవ బోల్తాపడి, బడికి వెళ్లొస్తున్న ఆడపిల్లలు మునిగిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటక బోటు మునిగిపోవడం రాష్ట్రమంతా ఏడ్చిన విషయం. మా బడిలో ఆ వారం పిల్లలు బొమ్మలేస్తే సగం మంది పడవే వేశారు. ఆ తర్వాత పడవలన్నిటినీ ఆపేయమన్నవాళ్లున్నారు. నేను వేరేలా ఆలోచిస్తాను. వరద ఏరు వేరు, కాలవ వేరు. కాలవలో వరద ఏటి సుడిగుండాలు ఉండవు, ఎటు చూసినా గట్టు పది బారల దూరంలో ఉంటుంది, కేకవేస్తే ఊరు పలుకుతుంది. కుటుంబంతో, పిల్లలతో, ముసలివాళ్లతో నీళ్ల మీదకి వెళ్లాలనుకునేవాళ్లకి ఇంతకంటే క్షేమమైన చోటు డెల్టాలో లేదు. అది మూసిపెట్టి వాళ్లని పెద్ద ఏటిలోకి పంపిస్తున్నాం. లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లని ఎక్కించకూడదన్న నియమం మాత్రం కాలవకైనా ఒకటే.

మా పడవాయన కొడుకు డిగ్రీ చదివి హైదరాబాదులో డెలివరీ పనిచేస్తున్నాడు. తండ్రికి పోటూ పాటూ తెలుసు, ఇసుక ఎక్కడ మేటవేసిందో నీటి రంగు చూసి చెబుతాడు. ఆ విద్య ఆయనతోనే ఆగిపోయేలా ఉంది. లాకులు తెరిస్తే ఆ కుర్రాడు వెనక్కి వస్తాడా అని అడిగాను. "పనుంటే ఎందుకు రాడండి" అన్నాడాయన, చుక్కాని మీంచి చూపు తిప్పకుండా. రేవుల్లో భోజనం మహిళా సంఘాలవాళ్లు వండి పెట్టగలరు. ఆత్రేయపురం పూతరేకులు, నరసాపురం లేసు అల్లికలు, కడియం మొక్కలు పడవ దగ్గరికే వస్తాయి. పొద్దున ద్రాక్షారామం, పాలకొల్లు పంచారామాలకి పోయేవాళ్లు సాయంత్రానికి పడవలో నిద్రపోవచ్చు. ఇవన్నీ లెక్కలు వేయగలవాళ్లు మీ దగ్గర ఉన్నారు, నేను పంతులుని.

పంచాయతీ పెద్దలకు విడిగా ఒక విన్నపం. లాకు తలుపులు పెట్టడం మన చేతిలో లేదు గానీ, చెత్త వేయకపోవడం మన చేతిలోనే ఉంది. పెళ్లి భోజనాల విస్తళ్లు, కోళ్ల ఈకలు, ఇంటి మురుగు కాలవలో కలుపుతున్నది మన ఊరివాళ్లే. ఏటా మే 15న కాటన్ విగ్రహానికి దండ వేస్తున్నాం. ఆ రోజుల్లో కాలవలు కట్టేసి ఉంటాయి, అడుగు కనపడుతుంది. దండ వేశాక అక్కణ్ణుంచి అలాగే కాలవలోకి దిగి, ఒక్కో ఊరివాళ్లు వంద గజాల మేర పూడిక తీసినా చాలు. మా బడి పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడాను. వస్తామన్నారు. మట్టి తీయడానికి, గుర్రపుడెక్క లాగడానికి మీ అనుమతి ఇప్పించండి, ఎక్కడ మొదలుపెట్టమంటే అక్కడ మొదలుపెడతాం.

నాలుగో రోజు ఉదయం బయల్దేరేముందు అమ్మ మళ్లీ లాకు దగ్గరికి వెళ్దామంది. ఈసారి కారు దిగలేదు. అద్దం దించి చూసి, "సరే పదండి" అంది. ఆమెకి మోకాళ్లు సహకరించడం లేదు. ఇంకా ఎన్ని కార్తీకాలు కదలగలదో నాకు తెలియదు.

అందుకే అడుగుతున్నాను. మీలో ఎవరైనా సరే, ఒక్క రోజు రండి. నీళ్లు వదిలాక, ఏ ఆదివారమైనా ఫర్వాలేదు. ఎక్కడ కాలవ ఖాళీగా ఉంటే అక్కడ ఒక నాటుపడవ మేం మాట్లాడి పెడతాం. లైఫ్ జాకెట్లు ఉంటాయి, భోజనం మా ఇంటి నుంచి వస్తుంది. మూసుకుపోయిన లాకు దాకా పోదాం. అక్కడ పడవ ఆగిపోతుంది కాబట్టి దిగి తొట్టి చూద్దాం. తలుపులు ఎటు ఉండేవో, లాంతరు ఎక్కడ పెట్టేవారో మా అమ్మ చూపిస్తుంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

వశిష్ఠ ఒడ్డున పుట్టిన ఒక ఉపాధ్యాయుడు, రాజమండ్రి